షాపుకూ హెడ్ ఆఫీసుకూ మధ్య ఎంతమంది కావాలి?

కిరాణా కొట్టులో గల్లా పెట్టె ముందు యజమానే కూర్చుంటాడు. కందిపప్పు బస్తా ఎప్పుడు అయిపోతుందో, ఏ ఇంటివాళ్ల ఖాతా ఎంత పెరిగిందో, కొత్తగా చేరిన కుర్రాడి చెయ్యి ఎలాంటిదో అన్నీ అతని కళ్లముందే ఉంటాయి. అదే వ్యాపారి రెండో కొట్టు పెట్టిన రోజున మొదటి చిక్కు వస్తుంది. రెండు గల్లాల ముందు ఒకే మనిషి కూర్చోలేడు. అందుకని తమ్ముడినో బావమరిదినో అక్కడ కూర్చోబెడతాడు. తెలుగునాట బట్టల షాపుల బోర్డుల మీద ‘బ్రదర్స్’ అన్న మాట అన్నిసార్లు కనిపించడానికి ఇదీ ఒక కారణం అనుకోవచ్చు. చందన బ్రదర్స్, బొమ్మన బ్రదర్స్, ఆర్.ఎస్. బ్రదర్స్. నమ్మకం ఇంట్లోనే దొరికినంతకాలం మేనేజర్లతో పని తక్కువ. అన్నదమ్ములు నలుగురే ఉండి షాపులు నలభై అయినప్పుడు అసలు ప్రశ్న మొదలవుతుంది.

చైన్ స్టోర్లలో పని చేసినవాళ్లకు ఈ మెట్లు బాగా తెలుసు. ర్యాకుల దగ్గర ఉండే కుర్రాళ్ల మీద ఫ్లోర్ ఇన్‌ఛార్జ్, ఆయన మీద స్టోర్ మేనేజర్. అక్కడితో షాపు గోడలు అయిపోతాయి. గోడల బయట ఏరియా మేనేజర్ ఉంటాడు. కొన్ని కంపెనీల్లో ఆయన్నే క్లస్టర్ మేనేజర్ అంటారు. ఆపైన రీజనల్ మేనేజర్, జోనల్ హెడ్, ఆపరేషన్స్ హెడ్. వీళ్లు సరుకు కొనరు, అమ్మరు, బిల్లు కొట్టరు. అందుకే అమ్మకాలు తగ్గి ఖర్చు కోయాల్సి వచ్చిన ప్రతిసారీ యాజమాన్యం చూపు ముందుగా వీళ్ల మీద పడుతుంది. బిల్లింగ్ మెషీన్ నుంచి లెక్కలన్నీ క్షణాల్లో హెడ్ ఆఫీసుకు చేరుతున్నప్పుడు మధ్యలో ఇంతమంది ఎందుకన్న ప్రశ్న ఇప్పుడు ఇంకా గట్టిగా వినిపిస్తోంది.

దీనికి ‘కావాలి’ అనో ‘వద్దు’ అనో ఒక్క మాటలో చెబితే తప్పవుతుంది. షాపులకు ఆనుకుని, రోజూ షాపుల్లో తిరిగే ఒక మెట్టు తప్పనిసరి. దాన్ని తీసేస్తే చైన్‌కు కళ్లు పోతాయి. ఆ మెట్టు పైన పేర్చిన మెట్లలో చాలావరకు మాత్రం ఒకరి రిపోర్టు మరొకరు చదవడానికే పుట్టుకొచ్చాయి.

ముందు డబ్బు సంగతి చూద్దాం. ఈ వ్యాపారంలో లాభం చాలా సన్నం. దేశంలో బాగా నడుస్తున్న చైన్ అని అందరూ ఒప్పుకునే డీమార్ట్ 2024-25లో సుమారు 59 వేల కోట్ల రూపాయల అమ్మకాల మీద మిగుల్చుకున్నది సుమారు 2,700 కోట్లు. అంటే వంద రూపాయల సరుకు అమ్మితే నాలుగున్నర రూపాయలు. 2025 మార్చి నాటికి ఆ కంపెనీకి 415 స్టోర్లు ఉన్నాయి. ఆ కంపెనీ లోపలి లెక్కలతో సంబంధం లేకుండా, అంత పెద్ద చైన్‌కు ఒక ఊహ లెక్క వేసి చూడవచ్చు. ఎనిమిది షాపులకు ఒకరు చొప్పున యాభై మంది ఏరియా మేనేజర్లు ఉన్నారనుకుందాం. జీతం, బండి, తిరుగుడు ఖర్చులు అన్నీ కలిపి ఒక్కొక్కరికి ఏడాదికి 25 లక్షలు వేసుకున్నా మొత్తం పన్నెండున్నర కోట్లు. వంద రూపాయల అమ్మకంలో అది రెండు పైసలు. దొంగతనం, ఎక్స్‌పైరీ, లెక్క తప్పడం, ఎలకలు కొట్టడం వంటి వాటితో పోయే సరుకులో వంద రూపాయలకు పది పైసలు ఆపగలిగితే ఆ జీతాలకు ఐదింతలు తిరిగి వస్తాయి. కాబట్టి ఏరియా మేనేజర్‌ను జీతం భారంగా చూసే లెక్క మొదట్లోనే తప్పుతోంది.

అయితే ఆ పది పైసలను అతను నిజంగా ఆపగలడా? అది తెలియాలంటే షాపు లోపల ఒక మామూలు రోజు ఏం జరుగుతుందో చూడాలి. కంప్యూటర్‌లో ఫలానా బ్రాండు నెయ్యి 12 ప్యాకెట్లు ఉన్నట్టు కనిపిస్తుంది. ర్యాకులో ఒక్కటీ లేదు. రెండు ఎవరో పట్టుకుపోయారు. నాలుగు వెనక గదిలో వేరే అట్టపెట్టెల చాటున పడి ఉన్నాయి. మిగతా ఆరు అసలు రానే లేదు. లారీ దింపుకున్న రోజు సరిచూడకుండా ఎంట్రీ చేసేశారు. స్టాకు ఉందని నమ్మిన సిస్టమ్ కొత్త ఇండెంట్, అంటే సరుకు ఆర్డర్, వెయ్యదు. ర్యాకులో లేదు కాబట్టి అమ్మకం సున్నా. హెడ్ ఆఫీసులో కూర్చున్న బయ్యర్‌కు మాత్రం ఆ కాలనీలో నెయ్యి కదలడం లేదనిపిస్తుంది. వచ్చే నెల ఆ షాపుకు ఆ రకం నెయ్యే ఆపేస్తాడు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. లెక్కలన్నీ క్షణాల్లోనే వెళ్లాయి. వెళ్లినవి తప్పుడు లెక్కలు.

స్టోర్ మేనేజర్ దీన్ని సరిచేయొచ్చు కదా అనిపిస్తుంది. చాలాసార్లు ఆ తప్పు అతని చేతి కిందే జరిగి ఉంటుంది. షార్టేజ్ జీతంలోంచి కోస్తారన్న భయం ఉన్నచోట అతను దాన్ని స్టాక్ లెక్కింపు రోజు దాకా దాచుకుంటాడు. వారానికోసారి వచ్చి, వెనక గదిలోకి నేరుగా నడిచి, అట్టపెట్టెలు జరిపి చూసే బయటి మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి శిక్ష వేయడానికి వచ్చాడన్న భయం ఉంటే ఏదీ బయటపడదు. సాయం చేయడానికి వచ్చాడన్న నమ్మకం కుదిరితేనే స్టోర్ మేనేజర్ తానే ముందుండి చూపిస్తాడు. ఆ నమ్మకం కుదరడానికి నెలలు పడుతుంది. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఆడిట్ టీముకు అంత సమయం ఉండదు.

షాపు ఒక్కదాని చేతిలో లేని పనులు ఇంకా ఉన్నాయి. ఒక షాపులో మిగిలిపోతున్న సరుకును అది అయిపోయిన ఇంకో షాపుకు మళ్లించాలి. ఇద్దరు క్యాషియర్లు ఒకేసారి సెలవు పెడితే పక్క షాపు నుంచి మనిషిని పంపాలి. ముంబైలోనో బెంగళూరులోనో తయారయ్యే ఆఫర్ల క్యాలెండర్‌లో దసరా, దీపావళి ఎలాగూ ఉంటాయి. బతుకమ్మ తొమ్మిది రోజులు వరంగల్ షాపులో ఏం కదులుతుందో, సంక్రాంతికి ఎన్ని రోజుల ముందు రాజమండ్రి షాపులో బెల్లం, నువ్వులు దించాలో, వరలక్ష్మీ వ్రతం ముందు రోజు సాయంత్రం ఎన్ని కౌంటర్లు తెరవాలో అక్కడ తిరిగేవాళ్లకే తెలుస్తుంది. స్టోర్ మేనేజర్‌కు తన షాపు తెలుసు. పది షాపులను పక్కపక్కన పెట్టి పోల్చుకోగలిగేది ఏరియా మేనేజర్ ఒక్కడే.

మరి ఒక్కొక్కరికి ఎన్ని షాపులు అప్పగించాలి? వారంలో ఆరు రోజుల్లో ఒకటి రిపోర్టులకూ మీటింగులకూ పోయిందనుకుంటే ఐదు రోజులు మిగులుతాయి. పూటకొకటి చొప్పున, షాపులు దగ్గర దగ్గరగా ఉంటే, వారానికి పది షాపులు చూడొచ్చు. ఎనిమిది షాపులు ఉన్నవాడు ప్రతి షాపుకూ వారానికోసారి వెళ్లి, ఇబ్బందిలో ఉన్న రెంటికి రెండోసారి కూడా వెళ్లగలడు. ఖర్చు తగ్గిందని అదే మనిషికి ఇరవై షాపులు ఇస్తే రెండు వారాలకోసారి వెళ్తాడు. అంతకంటే నష్టం ఇంకొకటుంది. ఎనిమిది షాపులే ఉన్నా, పైనున్నవాళ్ల మీటింగులకు వారంలో మూడు రోజులు పోతే ఆరు షాపులే చూడగలడు. అంటే పై మెట్లు పెరిగినకొద్దీ కింది మెట్టు పనికిరాకుండా పోతుంది.

జర్మనీకి చెందిన ఆల్డి ఈ లెక్కను చాలాకాలంగా మరో రకంగా పాటిస్తోంది. తక్కువ రకాల సరుకు, చిన్న షాపులు, షాపులో కొద్దిమంది మనుషులు, అన్నిటికంటే చవక ధరలు అన్న పద్ధతి మీద కార్ల్, థియో అల్బ్రెక్ట్ అన్నదమ్ములు పెంచిన వ్యాపారం అది. పైసా పైసా చూసుకునే ఆ కంపెనీ ఏరియా మేనేజర్‌కు ఇచ్చేది నాలుగైదు షాపులే. కాలేజీ నుంచి వచ్చినవాళ్లను తీసుకుని, ముందు షాపులోనే పని నేర్పి, మంచి జీతం, కారు ఇచ్చి ఆ బాధ్యత పెడతారు. కంపెనీని ప్రాంతాలవారీగా విడగొట్టి, ఒక్కో ప్రాంతానికి సొంత గోదాము, సొంత యాజమాన్యం ఉంచుతారు. ఖర్చు అంటే అంత పట్టింపు ఉన్నవాళ్లే ఈ ఒక్క మెట్టు దగ్గర చెయ్యి బిగపట్టలేదన్నది గమనించాల్సిన విషయం.

వాల్‌మార్ట్ కథ ఇంకా విప్పి చూడదగ్గది. శామ్ వాల్టన్ 1962లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో రోజర్స్ అనే చిన్న ఊళ్లో మొదటి స్టోర్ తెరిచారు. కంపెనీ పెద్దదయ్యాక కూడా ఆయన ప్రాంతీయ ఆఫీసులు పెట్టనివ్వలేదు. రీజనల్ వైస్ ప్రెసిడెంట్లు హెడ్ ఆఫీసు ఉన్న బెంటన్‌విల్‌లోనే కాపురం ఉండేవాళ్లు. సోమవారం కంపెనీ విమానాల్లో తమ షాపులకు బయల్దేరి గురువారానికి తిరిగొచ్చేవాళ్లు. తర్వాత సరుకు కొనే విభాగంవాళ్లతో కూర్చునేవాళ్లు. శనివారం పొద్దున్నే అందరూ కలిసే మీటింగు. బుధవారం ఒక షాపులో కనిపించిన లోపం మీద శనివారం లోగా నిర్ణయం జరిగిపోయేది. ప్రాంతానికో ఆఫీసు, ఆ ఆఫీసుకో సిబ్బంది, వాళ్లకో రిపోర్టు అన్న పుట్ట అక్కడ పెరగలేదు. 1987లో సొంత ఉపగ్రహ సమాచార వ్యవస్థ వచ్చాక షాపుల లెక్కలు వెంటనే అందసాగాయి. అయినా ఈ ప్రయాణాలు ఆగలేదు.

ఇప్పటి వాల్‌మార్ట్ ఏం చేస్తోందో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 2024లో స్టోర్ మేనేజర్ల సగటు జీతాన్ని 1,17,000 డాలర్ల నుంచి 1,28,000 డాలర్లకు పెంచింది. పనితీరు బాగుంటే జీతానికి రెట్టింపు దాకా బోనస్ ఇస్తామంది. 2025లో, డజను షాపుల దాకా చూసే మార్కెట్ మేనేజర్లు బోనస్, షేర్లు కలుపుకుని ఏడాదికి 6,20,000 డాలర్ల దాకా సంపాదించుకునేలా మార్చింది. మన లెక్కలో ఏరియా మేనేజర్ అంటే వీళ్లే. అదే 2025 మే నెలలో, పని వేగంగా జరగాలంటూ సుమారు 1,500 కార్పొరేట్ ఉద్యోగాలను తగ్గించింది. షాపులకు ఆనుకున్న మెట్టుకు డబ్బు పోసింది, ఆఫీసులో ఉన్నవాటిని కత్తిరించింది. కంప్యూటర్లకూ లెక్కల విశ్లేషణకూ ఏ లోటూ లేని కంపెనీ ఇలా చేసిందంటే, స్క్రీన్ మీద కనిపించనిది ఏదో షాపులో ఉందని దానికి గట్టి నమ్మకమే ఉండాలి.

మన దగ్గర సుభిక్ష అనే చవక ధరల కిరాణా చైన్, డీమార్ట్ రెండూ కొద్ది ఏళ్ల తేడాతో మొదలయ్యాయి. 1997లో చెన్నైలో పుట్టిన సుభిక్ష మొదట్లో తమిళనాడుకే పరిమితమై నెమ్మదిగా పెరిగింది. 2006 నుంచి రెండేళ్లలో సుమారు 150 షాపుల నుంచి 1,600 షాపులకు చేరింది. 2009 మొదట్లో మూతపడింది. ప్రధాన కారణం డబ్బు. అప్పు మీద పెరిగి, చేతిలో నగదు అయిపోయింది. దాన్ని మేనేజ్‌మెంట్ మెట్ల ఖాతాలో వేయడం న్యాయం కాదు. అయితే డబ్బు దొరికినా మనుషులు దొరికేవాళ్లా అన్న ప్రశ్న మిగులుతుంది. 1,600 షాపులకు పదికి ఒకరు చొప్పున వేసుకున్నా 160 మంది ఏరియా మేనేజర్లు కావాలి. అంతకుముందు ఉన్న మొత్తం షాపులే 150. అంటే ఉన్న ప్రతి స్టోర్ మేనేజర్‌నూ పైకి తీసినా చాలరు. తీస్తే పాత షాపులు ఖాళీ. మధ్య మెట్టును బయటి నుంచి కొనుక్కొచ్చి ఒక్క రోజులో బిగించలేం. డీమార్ట్ 2002లో ముంబైలోని పవయ్‌లో మొదలై, మొదటి ఎనిమిదేళ్లలో పెట్టినవి పాతిక స్టోర్లు మాత్రమే. ఉన్న ప్రాంతంలోనే దగ్గర దగ్గరగా పెట్టుకుంటూ, అది నిండాక పక్క ప్రాంతానికి వెళ్లడం దాని పద్ధతి. ఒక స్టోర్ నుంచి ఇంకో స్టోర్‌కు గంటలో వెళ్లగలిగినప్పుడు ఏరియా మేనేజర్ పూట షాపులో గడుస్తుంది. షాపులు విసిరేసినట్టు ఉంటే బండి మీదే గడుస్తుంది.

ఇక మెట్లు ఎక్కువైతే ఏమవుతుందో చూద్దాం. పొద్దున ఎనిమిదిన్నరకు షాపు తుడిచిన ఫొటో ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పదింటికి కూరగాయల ర్యాకు ఫొటో. మధ్యాహ్నం దాకా అమ్మకం ఎంతో ఇంకో గ్రూపులో. రీజనల్ మేనేజర్‌కు ఆయన గ్రూపు, జోనల్ హెడ్‌కు ఆయన గ్రూపు. సమాచారం ఒకటే, అడిగేవాళ్లు ముగ్గురు. ఫొటో తీయడానికి కుర్రాడు ర్యాకు వదిలి వెళ్లిన పది నిమిషాలను ఎవరూ లెక్కలో వేయరు. పై మనిషి వస్తున్నాడంటే రెండు రోజులు ముందే కబురు అందుతుంది. షాపు మొత్తం తుడిచి, ఖాళీ ర్యాకుల ముందు వరసలో సరుకు సర్ది నిండుగా చూపిస్తారు. ఆయన చూసి వెళ్లేది ఆ షాపు కాదు, ఆయన కోసం తయారైన షాపు. టార్గెట్ కూడా మెట్టు మెట్టుకూ ఉబ్బుతుంది. పైన వంద అంటే, తనకు జాగ్రత్తగా ఉండాలని ఒకరు నూట ఐదు అంటారు, కిందివారు నూట పది అంటారు. నెలాఖరులో ఆ టెన్షన్ అంతా స్టోర్ మేనేజర్ మీద పడుతుంది. కింది నుంచి పైకి వెళ్లే చెడ్డ వార్త దీనికి వ్యతిరేకంగా మెట్టు మెట్టుకూ పలచబడుతుంది. ‘సరుకు రావడం లేదు’ అన్న మాట మూడో మెట్టుకు చేరేసరికి ‘కొన్ని రకాల్లో స్వల్ప ఆలస్యం’ అయిపోతుంది.

బ్రిటన్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లు షాపు లోపలి మెట్ల మీదే కత్తెర వేశాయి. టెస్కో 2018 జనవరిలో షాపుల్లోని కొన్ని రకాల మేనేజర్ పోస్టులు, సుమారు 1,700, తీసేస్తున్నట్టు చెప్పింది. మారిసన్స్ 2020 జనవరిలో సుమారు 3,000 మేనేజర్ పోస్టులు తగ్గించి, కస్టమర్లకు ఎదురుగా నిలబడి పని చేసేవాళ్ల ఉద్యోగాలు 7,000 పెంచుతామంది. ఈ రెండో పద్ధతిలో అర్థం ఉంది. తీసిన డబ్బును కౌంటర్ దగ్గరికే తిప్పింది. డబ్బు అటు వెళ్లని చోట తగ్గేది మేనేజర్లు మాత్రమే, వాళ్లు చేసిన పని తగ్గదు. అది మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది.

పైవాళ్లకు ‘ఇది నడవదు’ అని చెప్పగల మనుషులు లేకపోతే ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే అమెరికాలో బట్టలు, ఇంటి సామాను అమ్మే జె.సి. పెన్నీ చైన్ వైపు చూడాలి. ఆపిల్ స్టోర్లను విజయవంతంగా నడిపిన రాన్ జాన్సన్ 2011 నవంబరులో దానికి సీఈఓగా వచ్చారు. కూపన్లు, డిస్కౌంట్ సేల్స్ ఎత్తేసి రోజూ ఒకే ధర అన్న పద్ధతిని 2012 ఫిబ్రవరిలో సుమారు 1,100 షాపుల్లో ఒకేసారి అమలు చేశారు. ముందు కొన్ని షాపుల్లో పెట్టి చూడలేదు. ఆ ఏడాదే ఉద్యోగాలు భారీగా తగ్గించారు. అమ్మకాలు ఒక్క ఏడాదిలో సుమారు 17 బిలియన్ డాలర్ల నుంచి 13 బిలియన్లకు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో ఆయన వెళ్లిపోయారు. కూపన్ కత్తిరించుకుని వచ్చే ఆనందం కోసమే ఆ షాపుకు వచ్చే కస్టమర్లను ఏళ్ల తరబడి చూసినవాళ్లు ఆ కంపెనీలో ఉండే ఉంటారు. వాళ్ల మాట పైకి వెళ్లే దారి, వెళ్లినా వినే ఓపిక, రెండూ కరువయ్యాయి.

దీనికి ఎదురు కథ బార్న్స్ అండ్ నోబుల్ పుస్తకాల షాపులది. 2019లో పగ్గాలు చేపట్టిన జేమ్స్ డాంట్, ఏ పుస్తకాలు ముందు బల్ల మీద పెట్టాలో నిర్ణయించే హక్కును న్యూయార్క్ నుంచి తీసి ఎక్కడి షాపువాళ్లకు అక్కడే ఇచ్చారు. పుస్తకాలను ముందు వరసలో ఉంచినందుకు ప్రచురణకర్తలు ఇచ్చే డబ్బును వదులుకున్నారు. మూతపడుతూ వచ్చిన చైన్ కొత్త షాపులు తెరవడం మొదలుపెట్టింది. 2024లో యాభైకి పైగా తెరిచింది. ఇక్కడ నిర్ణయం షాపులోకే దిగింది కాబట్టి, దాన్ని పైకి మోసి కిందికి తెచ్చే మనుషుల అవసరం దానంతటదే తగ్గింది. నిర్ణయాధికారాన్ని పైనే ఉంచుకుని మధ్య మనుషులను మాత్రం తీసేసే కంపెనీలు ఈ వరసను తప్పుతున్నాయి. అప్పుడు షాపుకు అధికారమూ ఉండదు, అడగడానికి మనిషీ ఉండడు.

లాభనష్టాల చర్చలో ఎప్పుడూ పక్కకు పోయే మాట ఒకటుంది. చైన్ స్టోర్లలో, బట్టల షాపుల్లో రోజుకు పది గంటలు నిలబడి పని చేసేవాళ్లలో ఆడపిల్లలు ఎక్కువ. నిలబడేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో మార్పు తెచ్చాయి. చట్టం వచ్చినంత మాత్రాన షాపులో స్టూలు ప్రత్యక్షం కాదు. ఎవరో వచ్చి చూడాలి, ఏదని అడగాలి. స్టోర్ మేనేజరే వేధిస్తుంటే బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి ఎవరికి చెప్పుకోవాలి? హెడ్ ఆఫీసు మెయిల్ ఐడీ నోటీసు బోర్డు మీద ఉంటుంది. మెయిల్ ఐడీకి ముఖం ఉండదు. వారం వారం కనిపించి, పేరు పెట్టి పలకరించే ఏరియా మేనేజర్ ఉంటే, ఆమె నోరు విప్పడానికి కనీసం ఒక దారి ఉంటుంది. మెట్టు తీసేసేటప్పుడు ఈ దారి కూడా మూసుకుపోతుందని యాజమాన్యాలు ఆలోచించాలి.

మెట్ల లెక్క అన్ని రకాల షాపులకూ ఒకటిగా ఉండదు. హైదరాబాద్‌లో పుట్టిన మెడ్‌ప్లస్‌కు నాలుగు వేలకు పైగా షాపులున్నాయి, అపోలో ఫార్మసీకి ఆరు వేలకు పైగా. మందుల షాపంటే ముగ్గురు నలుగురు మనుషులు, చిన్న గది. అక్కడ స్టోర్ మేనేజర్ అన్న హోదాకే పెద్ద చోటు లేదు. పది పదిహేను షాపులను చూసే మనిషే నిజానికి వాటన్నిటికీ మేనేజర్. ఫార్మసిస్టు ఉన్నాడా, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సరైన చల్లదనంలో ఉందా, గడువు తీరిన మందులు పక్కకు తీశారా అన్నవి అతనే చూడాలి. అక్కడ షాపుల పైన రెండు మెట్లు కూడా సమంజసమే. నలభై వేల చదరపు అడుగుల హైపర్‌మార్కెట్‌లో పరిస్థితి తలకిందులు. స్టోర్ మేనేజరే ఒక చిన్న కంపెనీ నడుపుతున్నట్టు. అతనికి గట్టి జీతం, గట్టి అధికారం ఇస్తే పైన ఒక్క మెట్టు చాలు.

ఏరియా మేనేజర్లు ఎక్కడి నుంచి రావాలన్నది కూడా తేల్చుకోవాలి. అమెరికాలో వాల్‌మార్ట్ స్టోర్ మేనేజ్‌మెంట్‌లో నాలుగింట మూడొంతుల మంది గంటల లెక్కన జీతం తీసుకునే కొలువుల్లో మొదలైనవాళ్లేనని ఆ కంపెనీ చెబుతుంది. ట్రాలీలు తోసినవాడు పైకి వెళ్లగలడని కళ్లారా చూసినప్పుడే ఇంటర్ చదివి చేరిన కుర్రాడు ఆరు నెలలకు మానేయకుండా నిలబడతాడు. మధ్య మెట్టును పూర్తిగా తీసేసిన చైన్‌లో స్టోర్ మేనేజర్ తర్వాత ఎక్కడానికి ఏమీ ఉండదు. ఆ మెట్టును ఎంబీఏలతోనే నింపే చైన్‌లోనూ అంతే.

ఇప్పుడు చైన్లు జిల్లా కేంద్రాలు దాటి చిన్న ఊళ్లకు వెళ్తున్నాయి. పార్వతీపురంలోనో ఆదోనిలోనో, దగ్గర్లో తమది ఇంకో షాపు లేకుండా ఒంటరిగా ఒక షాపు పెడితే, ఏరియా మేనేజర్ అక్కడికి వెళ్లి రావడానికే రోజు పోతుంది. నెలకోసారి వెళ్తే గొప్ప. అలాంటి చోట ఇంకో మెట్టు చేర్చి లాభం లేదు. అక్కడి స్టోర్ మేనేజర్‌కే కూరగాయలు, బియ్యం, బెల్లం దగ్గర్లోని మార్కెట్‌లో కొనుక్కునే హక్కు, లాభంలో చెప్పుకోదగ్గ వాటా ఇచ్చి, అతన్ని గల్లా పెట్టె ముందు కూర్చున్న యజమానిగా చూడాల్సి ఉంటుంది. అతని దగ్గరికి వచ్చే ఏరియా మేనేజర్ వెంట ట్యాబ్‌లో రిపోర్టు కంటే, అక్కడికక్కడ సంతకం పెట్టి పాడైపోయిన ఫ్రిజ్ మార్పించగలిగే అధికారం ఉండాలి.